అలమారు నుంచి తెర మీదికి: డిజిటల్ గ్రంథాలయం కథ

మీరు కడపలోనో శ్రీకాకుళంలోనో ఇంజనీరింగు చదువుతున్నారనుకోండి. పోత ఇనుము మీద ఒక ప్రాజెక్టు చేయాలి. మన దేశంలో దొరికే ముడిపదార్థాలతో ఇదివరకు ఎవరైనా ప్రయోగాలు చేశారా అన్నది మీకు కలిగే మొదటి సందేహం.

చేశారు. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ ఉంది. 1950 నవంబరు 26న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఈ లోహ పరిశోధనశాల, ఆ తొలి దశాబ్దాలలోనే ఇనుము, ఉక్కు, పోత పని మీద సదస్సులు జరిపి, అక్కడ చదివిన వ్యాసాలను అచ్చువేసింది.

మరి ఆ వ్యాసం మీ చేతికి రావడమెలా? ముప్పయ్యేళ్ల కిందట అయితే మీ కాలేజీ లైబ్రేరియన్ ఢిల్లీలోని ఇన్స్‌డాక్ సంస్థకు ఉత్తరం రాయాలి. వ్యాసం పేరు, సంపుటం, పేజీల సంఖ్య తెలిస్తే జిరాక్సు ప్రతి పోస్టులో వచ్చేది. అసలు అలాంటి వ్యాసం ఒకటుందని తెలియనివారికి ఆ దారి కూడా లేదు. ఇప్పుడు ఆ పరిశోధనశాల తన వ్యాసాలను, పాత సదస్సుల వ్యాసాలతో సహా, ఇంటర్నెట్ భాండాగారంలో ఉంచింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

గుట్ట వేరు, గ్రంథాలయం వేరు

పుస్తకాలను స్కాన్ చేసి కంప్యూటర్లో పడేస్తే డిజిటల్ గ్రంథాలయం అయిపోతుందా? కాదు. గదిలో పోగేసిన పుస్తకాలు గుట్ట అవుతాయే గాని గ్రంథాలయం కావు. దానికి మూడు ఏర్పాట్లు కావాలి.

మొదటిది వివరాల కార్డు. దీన్నే మెటాడేటా అంటారు. రచయిత, పేరు, విషయం, తేదీ, భాష, హక్కులు వంటి 15 అంశాలతో ఒక ప్రమాణం ఉంది. దాని పేరు డబ్లిన్ కోర్. ఈ డబ్లిన్ ఐర్లండులోది కాదు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న ఊరు. 1995లో అక్కడ జరిగిన సమావేశంలో ఈ ఆలోచన పుట్టింది.

రెండవది మారని చిరునామా. వెబ్‌సైట్లు ఇళ్లు మారినట్లు మారుతుంటాయి. అందుకే ప్రతి పత్రానికీ ఒక శాశ్వత సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య అడిగితే, పత్రం ప్రస్తుతం ఎక్కడుందో ఒక సర్వర్ చూసి అక్కడికి పంపుతుంది. సైటు మారినప్పుడు ఆ సర్వర్లోని సమాచారాన్ని సరిదిద్దితే చాలు, మీ దగ్గరున్న సంఖ్య మారదు.

మూడవది పరస్పర సంభాషణ. 2001లో వచ్చిన ఓఏఐ-పీఎంహెచ్ అనే నియమావళి ప్రకారం, ఒక పెద్ద గ్రంథాలయపు కంప్యూటర్ చిన్న గ్రంథాలయాల కంప్యూటర్లను "ఫలానా తేదీ తర్వాత కొత్తగా ఏం చేరాయి?" అని అడుగుతుంది. అవి తమ కార్డులను పంపుతాయి. పుస్తకం ఎక్కడిదక్కడే ఉంటుంది, కార్డులు మాత్రం ఒకచోట చేరతాయి.

ఈ పనులకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 2000లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం ఈప్రింట్స్‌ను, 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి., హ్యూలెట్ పాకార్డ్ కలిసి డీస్పేస్‌ను ఉచితంగా విడుదల చేశాయి.

మన దేశంలో 2009లో యూజీసీ పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా సమర్పించాలని నిర్దేశించింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగలో ఇప్పుడు లక్షల గ్రంథాలున్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు.

ఊరొకటి, పేర్లు నాలుగు

"గూగుల్ ఉండగా ఈ కార్డులెందుకు?" అని మీరు అడగవచ్చు. జంషెడ్‌పూర్ సంగతే చూడండి. ఉక్కు కర్మాగారం కోసం ఎంచుకున్న చోటు సాక్చి అనే గ్రామం. దగ్గరి రైల్వే స్టేషను పేరు కాళీమాటి. 1919లో జంషెట్జీ టాటా పేరు మీద ఊరు జంషెడ్‌పూర్ అయింది, స్టేషను టాటానగర్ అయింది. అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల చరిత్ర మీద మీరు పరిశోధన చేస్తున్నారనుకోండి. జంషెడ్‌పూర్ అని వెతికితే, కాళీమాటి అని రాసిన పాత పత్రం తగలకపోవచ్చు. ఆ నాలుగు పేర్లకూ ఉన్న సంబంధాన్ని కార్డులో రాసిపెట్టే లైబ్రేరియన్ కావాలి.

తెలుగు పుస్తకాలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్స్ పథకంలో భాగంగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. గొప్ప సేవే! కాని పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కించారు. దీర్ఘానికి ఒకరు ఒక 'ఎ' వేస్తే మరొకరు రెండు వేస్తారు. అచ్చుతప్పులు సరేసరి. పుస్తకం లోపలే ఉన్నా అడిగినవారికి దొరకదు. తర్వాత ఆ సైటే మూతపడింది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉండబట్టి ఆ పుస్తకాలు మనకు దక్కాయి.

ఇంకో చిక్కు అక్షరాలది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు చాలాకాలం వచ్చాయి. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది గాని, కంప్యూటర్‌కు మాత్రం అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. ఇక స్కాన్ చేసిన పేజీ ఉత్త బొమ్మ. బొమ్మలోంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ ఉన్నా, మాసిన పాత అచ్చులో ఒత్తుల దగ్గర పొరబడుతుంది.

ఎవరికి తెరిచిన తలుపు?

2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ద్వారా దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. అయితే తొలి దశ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాలేజీలో చదివే మీ తమ్ముడికో చెల్లెలికో జంషెడ్‌పూర్ భాండాగారం వంటి ఉచిత గ్రంథాలయాలే దిక్కు. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలకు అందాలన్నది న్యాయమే కదా.

పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన గ్రంథాలయ సూత్రాలలో ఒకటి. యంత్రాలు మారినా ఆ సూత్రం మారలేదు. రేపు మీరే సిద్ధాంత గ్రంథం సమర్పించేటప్పుడు దాని పేరును తెలుగులో యూనికోడ్‌లో ఇవ్వండి, సంక్షిప్త సారాంశం రాయండి, ఊళ్ల పాత పేర్లు కూడా చేర్చండి. ఆ పది నిమిషాల శ్రమ, ముప్పయ్యేళ్ల తర్వాత ఎక్కడో కూర్చుని వెతుకుతున్న విద్యార్థికి మీ పుస్తకాన్ని అందిస్తుంది.