చెమట పడుతూనే ఉంది, అయినా వడదెబ్బే: మే నెలలో నాతవరం నుంచి నడక

ఈ ఎపిసోడ్‌లో ఒక నడక గురించి చెప్తాను. డ్రోన్ షాట్లు, వ్యూ పాయింట్లు ఏమీ లేవు, ముందే చెప్పేస్తున్నా.

మాది అనకాపల్లి జిల్లా నాతవరం. మాకు పైన కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు గారి సమాధి ఉంది. ఆయన్ని కొయ్యూరులో కాల్చి చంపింది 1924 మే 7న. ఆ తేదీకి సమాధి దగ్గరకి నడిచి వెళ్దామని పోయిన మేలో నలుగురం అనుకున్నాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరుసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారు కదా, ఆ కథ వింటే ఎవడికైనా కాళ్లు ఊరుకోవు. కానీ అది వానాకాలం నడక. మనం వెళ్తున్నది మేలో అన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

తెల్లారగట్లే బయల్దేరాల్సింది, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, టిఫిన్ చేసి, ఫొటోలు దిగి కదిలేసరికి ఎనిమిదిన్నర. తాండవ రిజర్వాయర్ వైపు నుంచి జీడితోటల పక్కగా నడుస్తున్నాం. పన్నెండు దాటాక మాలో ఒకడు "బస్టాండ్ ఇంకెంత దూరంరా?" అన్నాడు. మేము వెళ్తున్నది బస్టాండ్‌కి కాదు. నవ్వేశాం. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ నవ్వేశాం. చొక్కా తడిసి ముద్దయింది వాడికి, చెమట పడుతోంది కాబట్టి బాగానే ఉన్నాడులే అనుకున్నాం.

అదే మేం చేసిన పెద్ద తప్పు.

వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా కాలిపోవడం అని మనందరికీ తెలుసు. ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్లకి ఎక్కువగా అలాగే వస్తుంది. కానీ నడిచేవాళ్లకి, పొలంలో పని చేసేవాళ్లకి, క్రికెట్ ఆడేవాళ్లకి లోపల కండరాలే వేడి పుట్టిస్తుంటాయి. బయట ఎండ, లోపల పొయ్యి. చెమట కారుతూ ఉండగానే ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటిపోవచ్చు. అప్పుడు ముందు దెబ్బ తినేది మెదడు. అందుకని చూడాల్సింది చర్మం ఒక్కటే కాదు, మాట. అడిగిందే అడగడం, తూలడం, ఊరికే చిరాకు పడటం, ఊరి పేరు తప్పు చెప్పడం. వీటిలో ఏది కనిపించినా నవ్వకండి.

మరి చెమట పడుతున్నా ఒళ్లు ఎందుకు చల్లబడదు? చెమట పట్టడం వల్ల చల్లబడం, అది ఆరితేనే చల్లబడతాం. గాలిలో అప్పటికే తేమ ఉంటే ఆరదు, కిందకి కారిపోతుంది. మన వైపు సముద్రం దగ్గర కాబట్టి ఇదే ఇబ్బంది. 38 డిగ్రీల ఎండకి 50 శాతం తేమ తోడైతే ఒంటికి దాదాపు 48లా ఉంటుంది. అదే 42 డిగ్రీలున్నా గాలి బాగా పొడిగా ఉంటే ఇంచుమించు 42లాగే ఉంటుంది. వెదర్ యాప్‌లో టెంపరేచర్ కింద 'ఫీల్స్ లైక్' అని చిన్నగా ఉంటుంది చూడండి, అసలు నంబర్ అది. అదీ నీడలో లెక్కే. నెత్తి మీద ఎండ పడుతుంటే ఇంకా ఎక్కువే.

సరే, మావాడి సంగతి. దారి పక్కన మోటారు షెడ్డు దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. మావాణ్ణి ఒక్కసారి చూసి "ఈ బాబు మాట తేడాగా ఉంది, ముందు తడపండి" అన్నారు. మేమేమో బండి కోసం ఫోన్లు పట్టుకుని సిగ్నల్ వెతుకుతున్నాం. ఆయన మోటారు వేసి, వాణ్ణి పైపు కింద కూర్చోబెట్టి, తువ్వాలుతో విసరమన్నారు. తర్వాత ఒక డాక్టర్‌ని అడిగితే ఆయన చేసిందే కరెక్ట్ అన్నారు. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు చల్లబరచాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగలనివ్వాలి. మత్తుగా ఉన్నవాడి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు.

ఇంకో సంగతి, మావాడు నీళ్లు తక్కువేం తాగలేదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది, గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతుంటే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. అదీ ప్రమాదమే. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలుపుకోవాలి, ప్యాకెట్ మీద రాసినట్టే. లేకపోతే లీటరుకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. మన ఇళ్లల్లో ఉప్పేసిన మజ్జిగ, తరవాణి, చోడంబలి ఉండనే ఉన్నాయి. మా నానమ్మ సీసాలో చోడంబలి పోసిస్తానంటే సిగ్గుపడి వద్దన్నది నేనే.

అమెరికాలో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అని మెక్సికో బోర్డర్ నుంచి కెనడా దాకా 4,200 కిలోమీటర్లకి పైగా కాలిబాట ఉంది. దాని మొదట్లో కాలిఫోర్నియా ఎడారి. అక్కడ చాలామంది చీకటితోనే లేచి నడిచి, మధ్యాహ్నం ఎక్కడ నీడ దొరికితే అక్కడ పడుకుని, సాయంత్రం మళ్లీ కదులుతారు. గ్రాండ్ కేనియన్ పార్కు వాళ్లయితే వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దనే చెప్తారు. మా ఊళ్లో జీడిపిక్కలు ఏరేవాళ్లూ చల్లపూటే పని ముగించుకుని ఇంటికొచ్చేస్తారు. మేం వాళ్లకి ఎదురెళ్లాం ఆ రోజు. "ఈ ఎండలో ఎక్కడికి బాబూ" అని ఒకావిడ అడిగింది కూడా.

ఒక్కసారి వడదెబ్బ తగిలాక కొన్నాళ్లు ఎండకి ఒళ్లు తట్టుకోదు, కాబట్టి మావాణ్ణి ఆ వేసవంతా మధ్యాహ్నం క్రికెట్‌కి రానివ్వలేదు. పైపు కింద కూర్చున్నది వాడికి ఇప్పటికీ గుర్తులేదు, బస్టాండ్ అడిగానంటే నమ్మడు. సమాధి దగ్గరకి డిసెంబర్‌లో వెళ్లాం, నలుగురమూ, నడిచే. ఆ మోటారు షెడ్డు దగ్గర ఆగాం గానీ పెద్దాయన లేరు, నర్సీపట్నం సంతకి వెళ్లారన్నారు.