పోడియాట్రిస్ట్ అంటే పిల్లల డాక్టర్ కాదు బ్రో! (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈరోజు టాపిక్ పాదాలు. ఇదేం టాపిక్ అని స్కిప్ చేయొద్దు. ఇంట్లో షుగర్ ఉన్నోళ్లు ఒక్కరున్నా ఇది మీకోసమే.

పోడియాట్రిస్ట్ అంటే ఎవరని నంద్యాలలో మా ఫ్రెండ్స్‌ని అడిగా. "పిల్లల డాక్టర్ కదన్నా" అన్నారు. కాదు, ఆయన పీడియాట్రిషన్. సరే, మెడికల్ ఫీల్డ్‌లో ఉన్నోళ్లకు తెలుస్తుంది కదా అని వాళ్లనీ అడిగా. తెలిసిన నర్సక్క "ఆనెకాయలు కోసేవాళ్లు" అంది. ఫిజియో ఫ్రెండ్ "చెప్పుల్లో మెత్తటి సోల్ వేయించేవాళ్లు" అన్నాడు. ఎంబీబీఎస్ చదివే తమ్ముడు "కాలికి ఆపరేషన్ సర్జన్ చేస్తాడు కదా, మళ్లీ వీళ్లెందుకు?" అన్నాడు.

మొదటి రెండూ కరెక్టే, కానీ అవి పనిలో ఒక ముక్క మాత్రమే. అసలు పని ఏంటంటే, ఆ తమ్ముడు చెప్పిన సర్జన్ దాకా పోకుండా కాలిని కాపాడటం.

వీళ్లెవరూ తెలివితక్కువోళ్లు కాదు. మన సిస్టమ్‌లో ఆ రోల్ పెద్దగా కనిపించదు, అందుకే తెలియదు. అమెరికాలో దీనికి సెపరేట్‌గా 4 ఏళ్ల డాక్టర్ కోర్సు ఉంది, తర్వాత రెసిడెన్సీ. వాళ్లు పాదానికి ఆపరేషన్లు కూడా చేస్తారు. బ్రిటన్‌లో డిగ్రీ చదివి రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు. మన దేశంలో 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం లిస్టులో పోడియాట్రిస్ట్ పేరు ఉంది. కానీ ఆ డిగ్రీతో వచ్చినోళ్లు చాలా తక్కువ. దాంతో ఆ పనిని జనరల్ సర్జన్, ఎముకల డాక్టర్, షుగర్ డాక్టర్, కట్టు కట్టే సిస్టర్ తలా కొంచెం పంచుకుంటారు. నంద్యాలలో శాంతిరామ్ మెడికల్ కాలేజీ ఉంది, 2023లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అంటే సమస్య డాక్టర్లు లేకపోవడం కాదు. పాదం మొత్తానికి ఓనర్ ఎవరు అన్నదే సమస్య.

మా ఆఫీసులో ఒక బగ్ టికెట్ వస్తే "మా మాడ్యూల్ కాదు" అని టీమ్ నుంచి టీమ్‌కి తిరిగేది. మా చిన్నాయన కాలు కూడా అట్లే తిరిగింది.

చిన్నాయనది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే పని. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. ఒకరోజు పాదం వాచింది, ఎర్రబడింది, ముట్టుకుంటే వేడి. కానీ నొప్పి పెద్దగా లేదు. ఒకచోట బెణికిందని కట్టు కట్టారు. ఇంకోచోట ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడోచోట యూరిక్ యాసిడ్ టెస్ట్ రాశారు. "నడవొద్దు" అని మాత్రం ఎవరూ చెప్పలే. నొప్పి లేదు కదా, ఆయన పనికి పోతానే ఉన్నాడు. నెలన్నర తర్వాత హైదరాబాద్‌లో పాదాల క్లినిక్‌కి తీసుకుపోతే, అక్కడ మొదట రెండు పాదాల వేడి కొలిచి పోల్చారు. తేడా 2 డిగ్రీలకు పైనే. తర్వాత ఎక్స్‌రే. పాదం మధ్య ఎముకలు విరిగి, అరికాలి వంపు కిందికి దిగిపోయింది.

దీని పేరు షార్కో ఫుట్. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన కాలిలో ఎముకలు బలహీనపడతాయి. నొప్పి తెలియదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు, ఎముకలు విరుగుతూనే ఉంటాయి. ట్రీట్‌మెంట్‌లో మెయిన్ పాయింట్ ఒక్కటే: ఆ కాలి మీద బరువు పడనీయకూడదు. మోకాలి కింద నుంచి పాదం మొత్తం పట్టేలా కట్టు వేస్తారు, నెలల తరబడి ఉంచాలి. మా చిన్నాయనకు కాలు మిగిలింది, కానీ ఆకారం మారిపోయింది. అదే మొదటి వారంలో కట్టు పడుంటే ఇంత దాకా వచ్చేది కాదేమో అని క్లినిక్‌లో అన్నారు.

ఇదేదో ఫారిన్ సైన్స్ అనుకోకండి. వెల్లూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల మీద ఏళ్ల తరబడి స్టడీ చేశాడు. ఆ పుండ్లకు పెద్ద కారణం నొప్పి తెలియకపోవడమే అని చూపించాడు. ఆ పాఠమే తర్వాత షుగర్ పాదాలకూ పనికొచ్చింది. ఎంసీఆర్ చెప్పులు అని వినుంటారు కదా? మైక్రో సెల్యులార్ రబ్బర్. కుష్ఠు రోగులకు గవర్నమెంట్ ఇచ్చేది అవే.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ స్టడీ లెక్కన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. మన దగ్గర చూస్తే మడిలో వట్టికాళ్లు, శిల్పుల దగ్గర రాతి పెచ్చులు, అహోబిలం కొండ ఎక్కేటప్పుడు చెప్పుల్లేని కాళ్లు. భక్తిని తప్పు పట్టట్లేదు. కిందికి దిగాక అరికాళ్లు ఒకసారి చూసుకోమంటున్నా.

ఇప్పుడు ఇంట్లో చేయగలిగే టెస్ట్ ఒకటి చెప్తా. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ డాక్టర్లు తయారుచేసింది, రూపాయి ఖర్చు లేదు. అమ్మనో జేజినో కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలితో ప్రతి పాదంలో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కోదాన్ని ఒకట్రెండు సెకన్లు అలా ముట్టుకోండి. నొక్కొద్దు, గోకొద్దు. మొత్తం ఆరు వేళ్లు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ వేళ్ల దగ్గర స్పర్శ తెలియకపోతే డాక్టర్‌కి చూపించాలి. అన్నీ తెలిసినా, షుగర్ ఉన్నోళ్లు ఏడాదికోసారి పాదాలు చెక్ చేయించుకోవాలి.

డాక్టర్ దగ్గర "కాళ్లు కూడా చూడండి సార్" అని చెప్పులు విప్పి చూపించండి. అడిగేవి మూడు: స్పర్శ ఎట్లుంది? రక్తప్రసరణ ఎట్లుంది? చెప్పులు ఎట్లాంటివి వేసుకోవాలి? ఒక పాదం మాత్రమే వాచి, వేడిగా ఉంటే నడక ఆపి, అదే రోజు పోయి "షార్కో ఫుట్ అయ్యే ఛాన్స్ ఉందా?" అని నేరుగా అడగండి. దాంతోపాటు చీము, జ్వరం, వేలు నల్లబడటం ఉంటే పెద్దాసుపత్రికే, వెంటనే.

ఆళ్లగడ్డకు పోడియాట్రిస్ట్ ఎప్పుడొస్తాడో మన చేతిలో లేదు. పాదం చూడమని అడగడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ రాత్రి అన్నం తిన్నాక ఆ ఆరు వేళ్ల టెస్ట్ చేసేయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.