బంగారు ముక్కు చెప్పే పాఠం

కొన్ని నెలల క్రితం అసర్ నమాజు ముగిసిన తరువాత, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనిచేసే ఒక సోదరుడు మా వద్దకు వచ్చారు. కర్మాగారంలో ఇనుప దూలం మీద పడి ఆయన కుడి కాలు నుజ్జయింది. వైద్యులు మోకాలి దిగువన దానిని తొలగించవలసి వచ్చింది. చంకకర్రలను గోడకు ఆనించి కూర్చుని, సంచిలో నుండి ఒక ఆంగ్ల పత్రం తీసి, "మౌల్వీ సాబ్, ఇందులో ఏమి రాశారో చదివించి చెప్పండి" అన్నారు.

అది ఆరోగ్య బీమా సంస్థ పంపిన లేఖ. మా పూర్వ విద్యార్థి ఒకరు చదివి వినిపించారు. శస్త్రచికిత్సకు, ఆసుపత్రి గదికి, మందులకు అయిన ఖర్చును సంస్థ చెల్లించింది. కృత్రిమ కాలికి మాత్రం చెల్లించలేమన్నది. అది శరీరానికి వెలుపల తగిలించుకునే ఉపకరణమట. అటువంటివి పాలసీ మినహాయింపులలో ఉన్నాయట.

మేము ఆయనను ఓదార్చదలచి, హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) వృత్తాంతం చెప్పాము. ప్రయాణంలో వ్యాధి సోకి కాలు తొలగించినప్పుడు, ఆ మహనీయులు మిగిలిన అవయవాలకై అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలిపారు. సోదరుడు తల వంచి విన్నారు. ఆపై మెల్లగా, "సబ్ర్ చేస్తూనే ఉన్నాను హజ్రత్. కాని పనిలోకి ఎలా వెళ్లాలి?" అని అడిగారు. మా వద్ద జవాబు లేకపోయింది.

ఆ రాత్రి మాకు తిర్మిజీలోని వస్త్రధారణ అధ్యాయం గుర్తుకు వచ్చింది. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు తెగిపోయింది. ఆయన వెండి ముక్కు చేయించుకున్నారు. అది దుర్వాసన రాసాగింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) బంగారపు ముక్కు చేయించుకోమని ఆయనను ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమని మనకందరికీ తెలుసు. అయినా ఒక మనిషి పోగొట్టుకున్న అవయవం కోసం ఆ నిషేధం పక్కకు తప్పుకున్నది. పెట్టుడు అవయవాన్ని షరీఅత్ అలంకారంగా చూడలేదు, అవసరంగా చూసింది. ఎన్నో ఏళ్లుగా ఈ హదీసును బంగారం గురించిన నియమంగానే బోధిస్తూ వచ్చాము. అది గాయపడిన మనిషి గురించిన పాఠమని ఆ సోదరుడి ప్రశ్న మాకు నేర్పింది.

ఇప్పుడు బీమా నియమాన్ని చూడండి. శస్త్రచికిత్సలో ఎముకకు బిగించే ఉక్కు పలకకు, మోకాలి లోపల అమర్చే కృత్రిమ కీలుకు సాధారణంగా చెల్లింపు ఉంటుంది. అదే మోకాలి దిగువన తొడిగే కాలికి చాలా పాలసీలలో ఉండదు. కాలు తొలగించడానికి ధనం దొరుకుతుంది, తిరిగి నిలబడడానికి దొరకదు!

ఈ ప్రాంతంలో ఇది చిన్న సమస్య కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా మరణించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. యంత్రాల కింద ఒక్కొక్కటిగా పోయే వేళ్లు, చేతులు, కాళ్లు వార్తలకెక్కవు.

ఇక మనకున్న మార్గాలు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ.లో కృత్రిమ అవయవం కూడా వైద్య సదుపాయంలో భాగమే. శాశ్వత వైకల్యానికి నెలనెలా భృతి కూడా ఉంటుంది. రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. వేతనం నుండి 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం ఇందుకు జమ కావాలి. గుత్తేదారు కింద పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది. మీ ఇంటివారి జీతపు చీటీలో ఈ కోత ఉన్నదో లేదో నేడే చూడండి.

అయితే దీనికి నెల వేతనం 21,000 రూపాయలు మించరాదు. మన సోదరుడి వేతనం ఆ హద్దు కొద్దిగా దాటింది. అందుకే యజమాని ఇ.ఎస్.ఐ.కి బదులు ప్రైవేటు పాలసీ తీసుకున్నారు. జీతం పెరిగిందని సంతోషించిన ఇంటికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అటువంటి వారికి యజమాని నుండి నష్టపరిహారం పొందే హక్కు 1923 నుండి ఉంది. పనిలో తగిలిన గాయానికి చికిత్స ఖర్చు కూడా యజమానే భరించాలని 2009 సవరణ చేర్చింది. కార్మిక శాఖలో దరఖాస్తు చేయడంలో ఆలస్యం తగదు. బీమా సంస్థ నిరాకరిస్తే, ఏ షరతు కింద నిరాకరించిందో రాతపూర్వకంగా అడగాలి. హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. షరతు స్పష్టంగా ఉంటే గెలుపు కష్టమే. కనుక ప్రమాదం రాకముందే మినహాయింపులు చదివించుకోవాలి.

ప్రచారంలో ఉన్న బీమాలో వడ్డీ, అనిశ్చితి ఉన్నాయని ఉలమాలు చెప్పే అభ్యంతరం మాకు తెలియనిది కాదు. కాని పనిలో గాయపడినవాడికి యజమాని చెల్లించవలసిన పరిహారం శ్రామికుడి హక్కు. దానిని అడగడం భిక్ష కాదు, సబ్ర్‌కు విరుద్ధమూ కాదు.

హక్కు చేతికందే వరకు జమాఅత్ ఏం చేయాలి? జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో పేదలు, రుణగ్రస్తులు ఉన్నారు. అర్హుడైన వ్యక్తికి కృత్రిమ కాలు కొని, అతని స్వంతం చేస్తే జకాత్ నెరవేరుతుంది. 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీల కృషితో రూపొందిన జైపూర్ కాలు నేల మీద కూర్చునే మన అలవాటుకు తగినది. 1975లో స్థాపితమైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దానిని ఉచితంగా అందిస్తున్నది.

మన సోదరుడు ఇప్పుడు అటువంటి కాలితోనే మసీదుకు వస్తున్నారు. పరిహారం దరఖాస్తు ఇంకా నడుస్తున్నది. మొన్న జుమాలో ఆయన కుర్చీ వదలి మా పక్కనే సఫ్‌లో నిలబడ్డారు. సబ్ర్ ఆయన చేశారు. మిగిలిన పని మనది.