వార్తల్లో పదం: వంగెడి ఫెర్రోఎలక్ట్రిక్ పొర

బైలాడిలా కొండలనుండి ఇనుపఖనిజమును దింపుకొనివచ్చు కన్వేయరు బెల్టు ఆ కొండల దిగువనున్న బచేలివాసులకు సుపరిచితము; అది డ్రమ్మును చుట్టివచ్చునపుడు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము నొక్కుకొనును. ఫెర్రోఎలక్ట్రిక్ పొరను వంచినపుడు జరుగునదియు నిదియే; కాని యచట సాగుటతో కథ ముగియదు.

బాహ్యవిద్యుత్క్షేత్రమును తొలగించినను తన ధ్రువణమును, అనగా లోపలి ధన ఋణావేశముల ఎడబాటును, నిలుపుకొనుచు, క్షేత్రమును త్రిప్పినచో తానును దిశ మార్చుకొను పదార్థమే ఫెర్రోఎలక్ట్రిక్; కొన్ని జ్ఞాపకపు చిప్పులకు ఆధారమైన యీ గుణమును 1920 ప్రాంతమున జోసెఫ్ వాలాసెక్ రోషెల్ లవణమునందు కనుగొనెను. పేరులో ‘ఫెర్రో’ యున్నను ఇనుము తప్పనిసరి కాదు: బచేలివారికి ప్రియమైన ఆ లోహము బిస్మత్ ఫెర్రైటను ఫెర్రోఎలక్ట్రిక్‌నందు కలదు గాని, ప్రసిద్ధమైన బేరియం టైటనేటునందు లేదు.

పెళుసైన యీ స్ఫటికములను వంచుట యెట్లు? మన గూడూరు గనులకు పేరుతెచ్చిన అభ్రకమే యిందులకు తోడ్పడినది. పది మైక్రాన్ల అభ్రకపు రేకుపై నతిపలుచని పొరను పెంచి, 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున వంచినచో వెలుపలి ముఖము సుమారు 0.1 శాతము సాగును. ఇది స్వల్పమేమియు కాదు: పొర వెలుపలివైపున నున్నచో ధ్రువణము అడ్డముగా పరుండజూచి నిలువు ధ్రువణము క్షీణించును, లోపలివైపున నున్నచో నిలువుధ్రువణము బలపడును. అంతకన్న విచిత్రము, మందములో సాగుదల క్రమముగా మారుటయే యొక అంతర్గత క్షేత్రమువలె ప్రవర్తించి, ధ్రువణము నొకవైపునకు మొగ్గజేయుట. దీనిని ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ యందురు.

ఆధారపు రేకునుండి వేరుచేసిన బేరియం టైటనేటు పొర 180 డిగ్రీలు మడిచినను విరుగలేదని 2019లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించెను. అయినను మాటిమాటికి వంచినపుడు పుట్టు సూక్ష్మమైన పగుళ్లే తయారీదారులను నేటికిని వేధించుచున్నవి.