ఎర్రదీపం ఆరిపోతే చాలా?

జేఎన్‌టీయూ కూడలి నుంచి హైటెక్‌ సిటీకి ఆఫీసు వేళలో కారులో వెళ్లిచూడండి... కాలు బ్రేకు మీదే ఉంటుంది. ప్యాడ్లు అరగక ఏం చేస్తాయి!

ఓరోజు డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం. హ్యాండ్‌బ్రేకు దించినా ఆరకపోతే చాలామంది బ్రేకు ఆయిలు పోయించేసి ఊరుకుంటారు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, డబ్బాలో ఆయిలు మట్టం తగ్గుతుంది. పోస్తే దీపం ఆరుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది!

ఖరీదైన కార్లలో ప్యాడ్‌లోనే సెన్సర్‌ తీగ ఉంటుంది. డిస్కు రాపిడికి అది తెగితే దీపం వెలుగుతుంది. చాలా చిన్నకార్లలో ఆ సదుపాయం లేదు. చిన్న ఇనపరేకు డిస్కుకి రాసుకుని కీచుమంటుంది, అంతే. అద్దాలెత్తి పాటలు పెట్టుకుంటే అదేం వినపడుతుంది? అందుకే సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ప్యాడ్ల మందం అడగండి. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్పించేయండి. ఆయిలు కారిపోతున్నా వెలిగేది ఆ ఎర్రదీపమే. పెడల్‌ మెత్తగా లోపలికి పోతోంటే మాత్రం కారు తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.