పొదుపుకూ ఒక అదను: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కుటుంబాల ఆదాయ–వ్యయ కాలం

అదను తప్పి వేసిన ఎరువు పైరుకు పూర్తిగా అందదన్న సంగతి వ్యవసాయ విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే బోధపడుతుంది. అదను తప్పి వచ్చిన ఆదాయం కుటుంబానికి పూర్తిగా అందదన్న సంగతి మాత్రం పాఠ్యాంశాల్లో అరుదుగా కనిపిస్తుంది. జూన్ నెలలో పిల్లల ఫీజులు, విత్తనం, దుక్కి ఖర్చు ఒకేసారి మీద పడతాయి. వానాకాలం ధాన్యం డబ్బు చేతికి వచ్చేది నవంబరు, డిసెంబరు నెలల్లో. నడుమ ఉన్న ఆరు నెలలను అప్పుతో పూడ్చుకున్న కుటుంబం ఆ కాలానికి ధర చెల్లిస్తుంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఆ ధర పేరు మిత్తి.

గృహ పొదుపుపై ఇచ్చే సలహాలు సాధారణంగా అందరికీ ఒకే జాబితాగా ఉంటాయి: దీపాలు ఆర్పండి, దుబారా తగ్గించండి, బ్యాంకులో దాచండి. ఇవన్నీ మంచి మాటలే. అయితే ఏడాదికి రెండుసార్లు డబ్బు చూసే వరి రైతుకూ, తొమ్మిది నెలలు ఎదురుచూసే పసుపు రైతుకూ, వారం వారం కూలి అందుకునే మరమగ్గాల కార్మికునికీ ఒకే సలహా ఒకే విధంగా పనికిరాదు. పొలాస పరిశోధనా స్థానం ఉన్న జగిత్యాల, నిజామాబాద్ వెళ్లే జాతీయ రహదారిపై ఉన్న కోరుట్ల, మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల ఒకప్పుడు ఒకే కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి. ఈ మూడు చోట్ల డబ్బు నడిచే కాలం వేరు కనుక పొదుపు మార్గమూ వేరుగానే ఉండాలి.

మిత్తి లెక్క

ఒక కుటుంబం జూన్‌లో 50,000 రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చుకుందనుకుందాం. ఆరు నెలలకు మిత్తి 6,000 రూపాయలు. అదే మొత్తాన్ని కిసాన్ క్రెడిట్ కార్డుపై 7 శాతం వార్షిక వడ్డీకి తీసుకుంటే ఆరు నెలలకు 1,750 రూపాయలు అవుతుంది. గడువులోగా చెల్లించిన వారికి లభించే 3 శాతం రాయితీ కలిస్తే వడ్డీ 1,000 రూపాయలకు తగ్గుతుంది. అంటే అప్పు తెచ్చిన చోటును బట్టి ఒక్క పంట కాలంలో 5,000 రూపాయల తేడా వస్తుంది.

దీని పక్కన మరో లెక్క వేసి చూడాలి. పెరటి కూరగాయల వల్ల రోజుకు 15 రూపాయల ఖర్చు తగ్గిన ఇంటికి ఏడాదికి 5,475 రూపాయలు మిగులుతాయి. ఏడాది పొడవునా గృహిణి పడిన శ్రమ ఫలితం ఇంచుమించు ఒక్క అప్పు మీద ఆరు నెలల మిత్తికి సరిపోతుంది. చిన్న పొదుపు వ్యర్థమని దీని అర్థం కాదు. అది మిత్తికి అడ్డుకట్టగా మారినప్పుడే దాని విలువ నిలుస్తుంది. మిగిలిన రూపాయిని జూన్ దాకా కాపాడగలిగితే జూన్‌లో తేవలసిన అప్పు ఆ మేరకు తగ్గుతుంది. చిన్న పొదుపుల లక్ష్యం అదే కావాలి.

జగిత్యాల: ఏడాదికి రెండు పంటల డబ్బు

జగిత్యాల సన్నాలుగా పేరుపొందిన జె.జి.ఎల్. 1798 మొదలు జె.జి.ఎల్. 24423 వరకు పొలాస నుంచి వెలువడిన వరి రకాలు ఈ ప్రాంతపు పేరును దూర ప్రాంతాలకు చేర్చాయి. వరి కుటుంబంలో పొలం ఖర్చు, ఇంటి ఖర్చు ఒకే సంచిలోంచి వెళతాయి. అందువల్ల పొలంలో ఆదా అయిన రూపాయి నేరుగా ఇంటికి చేరుతుంది.

మొదటిది విత్తనం. వరి స్వపరాగ సంపర్కం జరిపే పంట కనుక హైబ్రిడ్ కాని రకాల విత్తనాన్ని బెరుకులు ఏరివేసి, బాగా ఆరబెట్టి, రైతే రెండు మూడు పంటలకు వాడుకోవచ్చు. నాటు పద్ధతిలో ఎకరాకు 20–25 కిలోల విత్తనం అవసరం కాగా, డ్రమ్ సీడర్‌తో 10–12 కిలోలు సరిపోతుంది. నారు పెంపకం, నాటు కూలీల ఖర్చు కూడా తప్పుతుంది. అయితే కలుపును సకాలంలో అదుపు చేయగలిగిన వారికే ఇది లాభదాయకం.

రెండవది భాస్వరం. ఏళ్ల తరబడి డి.ఎ.పి., కాంప్లెక్స్ ఎరువులు వేసిన భూముల్లో భాస్వరం నిల్వలు పేరుకుపోయాయి. భూసార పరీక్షలో నిల్వ ఎక్కువగా తేలిన పొలంలో భాస్వరపు మోతాదును తగ్గించుకోవచ్చు. భాస్వరాన్ని ఆఖరి దుక్కిలోనే వేయాలి. 20-20-0-13 వంటి ఎరువులను పైపాటుగా చల్లడం వృథా. రెండెకరాల రైతు ఎకరాకు అర బస్తా చొప్పున డి.ఎ.పి. తగ్గించినా ఒక బస్తా ధర, అంటే 1,350 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బుతో దంపతులిద్దరికీ ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా (ఒక్కొక్కరికి ఏడాదికి 436 రూపాయలు), సురక్షా బీమా (20 రూపాయలు) కట్టగా ఇంకా 438 రూపాయలు చేతిలో ఉంటాయి. అక్కరలేని ఒక బస్తా ఎరువు ఒక ఇంటి ఏడాది బీమాతో సమానమన్న మాట రైతు మనసుకు త్వరగా పట్టుతుంది.

మూడవది డబ్బు అందిన రోజు చేయవలసిన పని. ధాన్యం డబ్బు ఖాతాలో పడిన వారంలోనే వచ్చే పంట పెట్టుబడిని, జూన్ ఫీజును విడదీసి స్వల్పకాలిక డిపాజిట్‌లో ఉంచడం మేలు. ఒకే ఖాతాలో కలిసి ఉన్న డబ్బు పెండ్లిళ్లు, పండుగల ఖర్చుల్లో తెలియకుండానే కరిగిపోతుంది.

కోరుట్ల: తొమ్మిది నెలల నిరీక్షణ

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో పసుపు ప్రధాన వాణిజ్య పంట. జూన్‌లో నాటితే తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగు పెట్టడం ముగిసి నిజామాబాద్ మార్కెట్‌కు చేరేసరికి ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తాయి. ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. ఆదాయానికీ వ్యయానికీ ఇంత ఎడం ఉన్న పంటలో మిత్తి భారం సహజంగానే ఎక్కువ.

ఈ ఎడాన్ని తగ్గించే ఉపాయం ఇక్కడి రైతులకు ముందే తెలుసు. పసుపులో మొక్కజొన్న అంతరపంట వేస్తే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొంత డబ్బు చేతికి వస్తుంది. బతుకమ్మ, దసరా ఖర్చు అప్పు లేకుండా గట్టెక్కుతుంది. ఒకటి రెండు పాడి పశువులున్న ఇంటికి పాల బిల్లు కూడా ఇటువంటి ఊతమే. ఇక విత్తనం విషయానికొస్తే, ఎకరాకు 8–10 క్వింటాళ్ల దుంపలు పట్టే ఈ పంటలో అది పెద్ద పద్దు. ఒంటి కన్ను ముక్కలను ప్రోట్రేలలో పెంచి నాటే పద్ధతిలో విత్తన దుంపల అవసరం సగానికి పైగా తగ్గుతుంది. సొంత పంటలోని ఆరోగ్యవంతమైన దుంపలను ఎంచి నీడలో నిల్వ చేసుకుంటే కొనుగోలు ఖర్చే ఉండదు.

ఈ ప్రాంతంలో మరి రెండు ఆదాయ మార్గాలున్నాయి: మహిళల బీడీ కూలి, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము. గల్ఫ్ ప్రయాణం చాలా ఇళ్లలో అప్పుతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి వచ్చే మొదటి నెలల సొమ్మును ఎక్కువ మిత్తి ఉన్న అప్పుకు జమకట్టడం కంటే లాభసాటి పొదుపు వేరొకటి లేదు. రెండు రూపాయల మిత్తి అప్పు తీరిస్తే ఏటా 24 శాతం మిగిలినట్లు లెక్క. అంత వడ్డీ ఇచ్చే సురక్షితమైన డిపాజిట్ ఎక్కడా దొరకదు. అప్పు తీరిన తరువాత అదే వాయిదాను నెల తప్పకుండా పొదుపుగా మళ్లించాలి. చిట్టీ వేసేవారు ఆ చిట్టీ 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద నమోదైనదో కాదో ముందుగా చూసుకోవాలి.

సిరిసిల్ల: వారం వారం కూలి

సిరిసిల్లలో ఆసాములు, మరమగ్గాల కార్మికులు, వార్పిన్, వైపని కార్మికులు ఒకే గుడ్డపై ఆధారపడి బతుకుతారు. 2017లో ప్రారంభమైన బతుకమ్మ చీరల ఆర్డరు వంటివి ఉన్నప్పుడు మగ్గాలు ఆగకుండా నడుస్తాయి. ఆర్డరు లేని వారాల్లో కూలి తగ్గుతుంది. 2000 దశకంలో ఇక్కడి నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. పని తగ్గడం, అప్పు పెరగడం ఒకేసారి సంభవించిన ఇంట్లో ఏమి జరుగుతుందో ఆ విషాదం చూపింది.

వారం కూలి కుటుంబానికి శత్రువు దీర్ఘకాలిక ఎడం కాదు, పని లేని వారాలు. అందువల్ల పని ఉన్న రోజుల్లో కూలి అందిన పూటే ఒక భాగాన్ని పక్కన పెట్టడం ఇక్కడి సరైన పద్ధతి. 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పథకం ఈ సూత్రంపైనే రూపొందింది. మరమగ్గాల కార్మికుడు కూలిలో 8 శాతం జమచేస్తే ప్రభుత్వం మరో 8 శాతం కలుపుతుంది. ఉదాహరణకు నెలకు 12,000 రూపాయల కూలి ఉన్నవారు 960 రూపాయలు కడితే 24 నెలల్లో సొంత జమ 23,040 రూపాయలు, ప్రభుత్వ వాటాతో 46,080 రూపాయలు అవుతుంది. ఇటువంటి పథకంలో చేరి జమ తప్పకుండా కట్టడం ఏ పొదుపు చిట్కా కంటే మిన్న.

కిరాణా దుకాణంలో ఉద్దెర ఖాతా మరో సమస్య. అక్కడ మిత్తి రాసి ఉండదు గాని బేరమాడే స్వేచ్ఛ, నాణ్యత ఎంచుకునే స్వేచ్ఛ పోతాయి. నెలలో ఒక వారం సరుకులకు సరిపడే నిధిని నిలబెట్టుకోగలిగితే నగదుకు కొనడం సాధ్యమవుతుంది.

వంటిల్లు, పెరడు, కరెంటు

మూడు చోట్లకూ వర్తించే నిత్య పొదుపులు కొన్ని ఉన్నాయి. కందులు, పెసలు కోతల కాలంలో కొని, తేమ 10 శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో నిల్వ చేస్తే ఆఫ్ సీజన్ ధరల బెడద తగ్గుతుంది. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల వంట నూనె పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. పొలం గట్లపై కంది, పెరట్లో తోటకూర, పాలకూర, బెండ, సొర, ఒక మునగ చెట్టు ఉంటే కూర ఖర్చులో గణనీయమైన భాగం ఆదా అవుతుంది. పప్పును నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో వండితే గ్యాస్ ఎక్కువ రోజులు వస్తుంది.

60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును రోజుకు ఆరు గంటలు వాడితే ఏడాదికి దాదాపు 112 యూనిట్లు మిగులుతాయి. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు సున్నా బిల్లు వస్తుంది. పరిమితికి దగ్గరలో ఉన్న ఇంటికి ఎండాకాలంలో పది యూనిట్ల ఆదా మొత్తం బిల్లునే తప్పిస్తుంది. మీటరు రీడింగును నెల మధ్యలో ఒకసారి చూసుకోవడం మంచి అలవాటు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గ్రామాల్లో ఉండి పంటల కాలపట్టిక తయారుచేస్తారు. దాని పక్కనే పన్నెండు నెలల గడులతో డబ్బు కాలపట్టిక కూడా తయారుచేయించాలి. మొదటి వరుసలో ఆదాయం, రెండవ వరుసలో తప్పని ఖర్చు, మూడవ వరుసలో తెచ్చిన అప్పు, దాని మిత్తి రాయాలి. రెండవ వరుస నిండి మొదటి వరుస ఖాళీగా ఉన్న నెలలే ఆ కుటుంబానికి గండాలు. సలహా ఆ నెలల నుంచి మొదలు కావాలి. ఈ పట్టిక వేసేటప్పుడు ఇంటి ఆడవారు తప్పక కూర్చోవాలి. స్వయం సహాయక సంఘంలో నెలనెలా జమ కట్టేది, ఆ సంఘం నుంచి తక్కువ వడ్డీకి అప్పు తేగలిగేది వారే. కుటుంబం చెప్పిన అప్పు వివరాలను నలుగురిలో చర్చించరాదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆదాయమే చాలని ఇంటికి పొదుపు పాఠం చెప్పడం గాయంపై కారం చల్లినట్లవుతుంది. అటువంటి ఇంటికి ముందుగా కావలసింది రేషను కార్డు, బీమా, ఆరోగ్యశ్రీ, పంట రుణం వంటి హక్కులు అందేలా చూడటం. ఆ ఆసరా దొరికాక అదే పట్టికను మళ్లీ ముందు పెట్టుకుని, ఏ నెల అప్పును ముందుగా తగ్గించవచ్చో ఆ కుటుంబమే నిర్ణయించుకునేలా తోడ్పడాలి.