ఒక్క అంగడి పుస్తకములు

విజయవాడలో అచ్చైన పుస్తకమును బళ్ళారిలో కొనవచ్చును, బరంపురములో కొనవచ్చును, హోసూరులో పాతపుస్తకములవానితో బేరమాడి సగము వెలకు తెచ్చుకొనవచ్చును. ఎక్కడ కొన్నను అది ఒకే తీరున చదువబడును. చదివిన పిదప తమ్మునికీయవచ్చును, పాఠశాల గ్రంథాలయమునకు సమర్పింపవచ్చును. “మా అంగడిలో కొన్న కళ్ళజోడుతోనే ఈ పుస్తకమును చదువవలెను” అని వర్తకుడెవ్వడైన అన్నచో మనము నవ్వి వెడలిపోవుదుము. ఎలక్ట్రానిక్ పుస్తకముల విషయమున మాత్రము అట్టి నిర్బంధమే లోకమున నడచుచున్నది. పిల్లలకు చదువు యంత్రములను కానుకగా నిచ్చుట నేడు అరుదు కాదు గనుక, ఆ నిర్బంధమెట్టిదో వివరింపదలచితిమి.

చదువు యంత్రమును ఈ-రీడరందురు. అది పలకంత యుండును. తెరమీది అక్షరములు అచ్చు కాగితముమీది వానివలె నిలుకడగా కనబడును. వందలకొలది పుస్తకములు అందిముడును. అమెజాను కంపెనీవారు అమెరికాలో 2007 నవంబరున విడుదల చేసిన కిండిలు వీనిలో ప్రసిద్ధికెక్కినది. కెనడాలో పుట్టిన కోబో, బార్న్స్ అండ్ నోబుల్ అను అమెరికా పుస్తక వర్తకుల నూక్ దానికి పోటీ యంత్రములు.

ఇచట రెండు సంగతులను వేరుచేసి చూడవలెను. పుస్తకమును కూర్చిన రూపమొకటి, దానికి వేసిన తాళమొకటి. రూపములలో ఈ-పబ్ అనునది పలు సంస్థలు కలసి యేర్పరచుకొన్నది. అమెజానువారికి తమ సొంత రూపములున్నవి. రూపభేదము పెద్ద చిక్కు కాదు. కాలిబర్ అను ఉచితమైన కంప్యూటరు సాధనముతో ఒక రూపమును మరొక రూపమునకు క్షణములలో మార్చుకొనవచ్చును. 2022 నుండి అమెజానువారే తాళములేని ఈ-పబ్ పుస్తకములను పాఠకులు తమ కిండిలునకు పంపుకొనుటకు వీలు కల్పించిరి. కావున అడ్డుగోడ తాళమే.

ఆ తాళము పనిచేయు తీరిది. అంగడివారు పుస్తకములోని మాటలన్నిటిని గుప్తలిపిలోనికి మార్చి పంపుదురు. దానిని విప్పు బీగపుచెవి కొనుగోలుదారుని ఖాతాకును, ఆ ఖాతాక్రింద నమోదైన యంత్రమునకును ముడిపడియుండును. చదువరికి ఆ చెవి కంటికి కానరాదు. యంత్రమే దానిని వాడి పుటను తెరచి చూపును. అమెజానువారి తాళమును విప్పు నేర్పు అమెజాను యంత్రములకును, వారి ఆప్‌నకును మాత్రమే కలదు. ఆపిల్ కంపెనీది వేరొక తాళము. అడోబీ కంపెనీవారి తాళమును మాత్రము పలు అంగళ్ళవారు, గ్రంథాలయములవారు వాడుచుండుటచే కోబో గలవాడు ఒకటికంటె నెక్కువ చోట్ల కొనగలడు. కిండిలు గలవానికట్టి వెసులుబాటు లేదు. తాళము వేసిన పుస్తకమైనచో అతడు అమెజానులోనే కొనవలెను. పక్క అంగడిలో అదే పుస్తకము సగము వెలకున్నను చూచి యూరకుండవలెను. పదేండ్లు కొని కూడబెట్టిన పిమ్మట వేరొక కంపెనీ యంత్రము నచ్చినచో, పాత పుస్తకములు దానిలోనికి రావు. ఫోనులో అన్ని అంగళ్ళ ఆప్‌లను పెట్టుకొనవచ్చును గదా యని కొందరందురు. నిజమే, కాని కన్నులకు హాయియని ప్రత్యేకముగా యంత్రమును కొన్నవానికి అది యేమి సమాధానము?

ఈ తాళములను కోరినవారు తొలుత ప్రచురణకర్తలే. దొంగప్రతులు వ్యాపించునని వారి భయము. ఆ భయము నిరాధారమని మేమనము. అయితే ఫలితము వింతగా పరిణమించినది: కొనుగోలుదారుడు ఒక్క అంగడికి కట్టువడినచో, ఆ అంగడివాడు ప్రచురణకర్తకే వెలలు నిర్ణయించు స్థితికి వచ్చును. దీనిని గ్రహించి 2012లో టార్ అను ప్రచురణ సంస్థవారు తాళములను మానివేసిరి. ఒక యేడు గడచిన పిమ్మట వారి బ్రిటిషు శాఖవారు, తమ పుస్తకముల దొంగప్రతులు గుర్తింపదగినంతగా పెరుగలేదని ప్రకటించిరి. అదే 2012 మార్చిలో హారీ పాటర్ కథల ఈ-పుస్తకములు రచయిత్రి రౌలింగ్ గారి సొంత అంగడియందు వెలువడినవి. తాళమునకు మారుగా ప్రతి ప్రతిలోను కొన్నవారిని గుర్తింపగల ముద్ర నుంచిరి. అందుచే అవి అన్ని యంత్రములలోను తెరచుకొనెను. అమెజానువారు సైతము తమ కొనుగోలుదారులను ఆ అంగడికి పంపవలసి వచ్చెను. అంతటి గిరాకిగల గ్రంథకర్త్రి గనుక సాగినదిగాని, చిన్న ప్రచురణకర్తకు అంత పలుకుబడి యెక్కడిది?

అంగడి మూతపడినచో ఏమగును? సోనీ కంపెనీవారు 2014లో ఉత్తర అమెరికాలోని తమ ఈ-పుస్తకముల అంగడిని మూసి, కొనుగోలుదారులను కోబోకప్పగించిరి. మైక్రోసాఫ్టువారు 2019 ఏప్రిలులో అమ్మకము నిలిపిరి. ఆ జూలై మొదలు కొన్న పుస్తకములే తెరచుకొనవయ్యెను. సొమ్ము తిరిగి యిచ్చిరి, పుటలలో టిప్పణములు వ్రాసికొన్నవారికి అదనముగా 25 డాలర్లు చెల్లించిరి. పుస్తకములు మాత్రము పోయినవి. అంతకు ముందే 2009 జూలైలో, హక్కులు లేని వర్తకుడు అమ్మెనను కారణముచే, జార్జి ఆర్వెల్ గ్రంథములు రెండింటిని అమెజానువారు జనుల కిండిళ్ళనుండి తుడిచివేసిరి. తాను శ్రమించి వ్రాసికొన్న టిప్పణములు వ్యర్థమైనవని ఒక అమెరికా ఉన్నత పాఠశాల విద్యార్థి న్యాయస్థానమునకెక్కెను. ఆ యేడే రాజీ కుదిరెను. కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. 2025 ఫిబ్రవరి 26 నుండి, కొన్న పుస్తకమును కంప్యూటరులోనికి దింపుకొని కిండిలునకు చేర్చుకొను పాత పద్ధతిని అమెజానువారు తీసివేసిరి.

తాళమును విరుచు ఉపాయములున్నవని పెద్ద తరగతుల విద్యార్థులు వినియుందురు. మన దేశపు కాపీహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ ప్రకారము, హక్కులను భంగపరచు తలపుతో తాళమును తప్పించువారికి రెండేండ్లవరకు జైలుశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. అమెరికాలో 1998 నుండియే ఇట్టి శాసనము కలదు.

ఇక మనబోటి వారికి ముఖ్యమైన సంగతి. అమెజానువారు 2016 డిసెంబరులో కిండిలునందు భారతీయ భాషలకు చోటు కల్పించినప్పుడు ఎన్నుకొన్నవి ఐదు: హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు లేదు, కన్నడము, ఒడియా కూడ లేవు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాటాడు పిల్లవానికి ఆ నాడు యంత్రము వీధి భాషనే యిచ్చినది, ఇంటి భాష నీయలేదు. తాళముల బెడద లేనిచో ఇది యంత బాధింపదు. తెలుగు వేరొక అంగడిలో కొనుక్కొందుము. తాళమున్నప్పుడే, ఒక అంగడి పట్టికలో మన భాష లేకుండుట యంత్రములోనే లేకుండుటతో సమానమగును.

తాళము లేని పుస్తకములకు ఈ చిక్కు లేదు. కందుకూరి వీరేశలింగము, గురజాడ అప్పారావు మొదలగువారు గతించి నూరేండ్లు దాటినది; మన చట్టము ప్రకారము రచయిత మరణించిన 60 ఏండ్లకు కాపీహక్కు తీరిపోవును. అట్టి ప్రాచీన గ్రంథములను పలువురు స్వచ్ఛందముగా తెలుగు వికీసోర్సునందు చేర్చుచున్నారు. వానిని ఈ-పబ్ రూపమున ఉచితముగా దింపుకొని ఏ యంత్రమునకైనను పంపుకొనవచ్చును. పీడీఎఫ్ పుస్తకములు చిన్న తెరమీద చీమలబారువలె కనబడునని మాత్రము ఎరిగియుండవలెను.

యంత్రమును కొనబోవు తల్లిదండ్రులు వెల యడుగుటకు ముందు రెండు ప్రశ్నలడుగుట మంచిది. ఇతర అంగళ్ళలో తాళముతో కొన్న పుస్తకములు ఇందు తెరచుకొనునా? తెలుగు పుట నొకటి తెరచి చూపగలరా? వత్తులు అక్షరముక్రింద కుదురుగా నిలిచినవో, పక్కకు జారినవో అక్కడికక్కడే చూచుకొనవలెను. పుస్తకమును కొనునప్పుడు దానిని గూర్చిన వివరముల చివరివరకు చదువుడు. ప్రచురణకర్త కోరికమేరకు తాళము లేకుండ అమ్ముచున్నామను చిన్న వాక్యము కొన్నిట అక్కడ కనబడును.